నా పేరున్న కవరు

మొన్న నా పేరున ఒక కవరొచ్చింది. చేతిలో పడ్డ మరుక్షణం చింపేశాను. "ఈమధ్య కరెంటు బిల్లొచ్చినా లగెత్తుకెళ్ళి చింపెత్తన్నారు, ఏటయ్యింది మీకు?" అంది మా ఆవిడ. ఏమయ్యిందో ఆవిడకీ తెలుసు.

కవరు మా సొంతూరి సంఘ పెద్దల దగ్గర్నుంచి. సమాధుల తోటలో జాగా చాలడం లేదట. ఆస్పత్రి ఆయమ్మ సమాధి పక్కన ఇటుకల గట్టు లోపల ఆరడుగులు ఖాళీగా పడి ఉంది, దాన్ని అవసరమైనవాళ్ళకి ఇచ్చుకోవడానికి మీకేమన్నా అభ్యంతరమా అని అడిగారు. అడిగి, "సదరు వీలునామాకు తమరే ఎగ్జిక్యూటరు గనక" అని కింద ఒక ముక్క తగిలించారు.

ఆ జాగా మా నర్సత్తది. ఆవిడ అక్కడ లేదు. గంటన్నర బస్సు దూరంలో, ఆమదాలవలసలో, వాళ్ళ తమ్ముడి సమాధి పక్కన ఉంది. అక్కడుండాలని ఆవిడ ఏనాడూ కోరుకోలేదు. ఆ పాపం ఆస్తికోసం కొట్టుకున్న వాళ్ళదేనని మావాళ్ళంతా అంటారు. కాదు, నాది.

నర్సత్త మా నాన్నకి పినతండ్రి కూతురు. మా ఊరి మిషను ఆస్పత్రిలో నర్సు. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకు చేసుకోలేదని అడిగే గుండె ఎవడికీ లేదు. పొట్టి మనిషి. గంజి పెట్టిన తెల్లచీర, ఎడంవైపు పిన్నీసుకి తలకిందులుగా వేలాడే వాచీ. ఉద్యోగం అయిపోయి పాతికేళ్ళు దాటినా ఆ వాచీ అక్కణ్ణుంచి దిగలేదు. మనిషి కనిపిస్తే చాలు, మణికట్టు పట్టుకునేది. అదే ఆవిడ పలకరింపు. మనం నమస్కారం పెడుతుంటే కూడా చెయ్యి లాక్కుని, గెడ్డం గుండెకి ఆనించి వాచీలోకి చూసేది.

"డెబ్బయ్యారు. బాగానే ఉన్నావు. కూకో."

ఆ అంకె చెప్పేదాకా ఎవరూ నోరెత్తడానికి లేదు. పెళ్ళిచూపులకొచ్చిన కుర్రాణ్ణి కూడా అలాగే పట్టుకుని, "నూట పది, ఒరే, పిల్ల ఏటీ కొరకదు" అన్న మనిషి.

ఇంకో పిచ్చి, రాయడం. ఇంట్లో ప్రతి డబ్బా మీదా తెల్లచీటీ ఉండేది. ఉప్పు, ఏ రోజు పోసింది. చింతపండు, ఎవరి చెట్టుది. దుప్పట్లో మూల కూడా తేదీ కుట్టించేది. ఎందుకత్తా అంటే, "సార్టు మీద ఎక్కని మందు రోగి నోట్లోకెల్లదురా. నోటిమాట గోడకి సెప్పినట్టే. రాసిందే జరుగుతాది" అనేది. రాసింది జరగకపోవచ్చని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నేనే చూపించాను.

ఆవిడతోపాటు ఆ ఇంట్లో ఆయమ్మ ఉండేది. అదే ఆస్పత్రిలో ఆయా. భావనపాడు నుంచి బాప్తిస్మం తీసుకుని వచ్చేసిన బెస్తమనిషి, అక్షరం ముక్క రాదు, ఉన్న ఒక్క కూతురూ పెళ్ళయి అత్తారింటికి వెళ్ళిపోయింది. ఇద్దరూ ముప్ఫయ్యేళ్ళు ఒక కప్పు కింద బతికారు. ఆయమ్మ ఆవిణ్ణి "అమ్మగోరు" అనేది, ఆవిడ ఆయమ్మని "ఒసే" అనేది. రోజూ మధ్యాహ్నం నర్సత్త బైబిలు చదివి వినిపించడం, ఆయమ్మ స్తంభానికి చేరబడి గురకపెట్టడం.

"ఒసే, దేవుడి మాట సదువుతాంటే తొంగుంటావేటే?"

"దేవుడి మాట వింటే మనశ్శాంతి వస్తాదని మీరే గదా అన్నారు. వచ్చీసినాది."

తిట్టి, మళ్ళీ అదే అధ్యాయం మొదట్నుంచి చదివేది. ఎండుచేప వాసన పడదని ముక్కు మూసుకునే మనిషి, ఆయమ్మ కాల్చిన చేప లేనిదే ముద్ద ముట్టేది కాదు.

ఆయమ్మ పోయినప్పుడు నర్సత్త ఏడవలేదు. సమాధి చుట్టూ ఇటుకల గట్టు కట్టించింది. ఒకరికి సరిపడా కాదు, ఇద్దరికి. "ఇదేటత్తా, ఇంత వెడల్పు?" అన్నాను. "ఇటుకలు మిగిలినాయిరా" అంది. నేను నమ్మేశాను. నా తెలివి అంతటిది.

మరుసటేడు ఒక పొద్దున్న మా పోస్టాఫీసుకొచ్చింది. అప్పటికి నా రిటైర్‌మెంటుకి ఇంకా ఏడాది ఉంది. సబ్‌పోస్టుమాస్టర్ని, లోపలికి రమ్మని కుర్చీ వేయించాను. రాలేదు. మనియార్డర్లవాళ్ళ వెనకాల వరసలో నిలబడి, తన వంతు వచ్చాక కిటికీలోంచి ఒక పొడుగుపాటి కవరు తోసింది. ఎర్రలక్క సీలు. మీద నా పేరు, పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, చార్టు మీద రాసినట్టు గుండ్రటి అక్షరాల్లో.

"ఇదేటి?"

"వీలునామా. నువ్వే ఎగ్జిక్యూటరువి, నాను పోయాక ఇందులో రాసింది నువ్వే జరిపించాల. నీ పేరున కవరొచ్చినాది, బట్వాడా సేత్తన్నాను. ఇక్కడ సంతకం పెట్టు" అని తన నోటుబుక్కు చాపింది.

క్యూలో అందరూ నవ్వారు. నేనూ నవ్వుతూనే సంతకం పెట్టాను. ఇంటికి తీసుకెళ్ళి బీరువాలో మా అమ్మ బైబిలు కింద పెట్టాను. అంతమందిలో నన్నే నమ్మిందని నాకు ఒళ్ళంతా పొంగు. ముప్ఫైనాలుగేళ్ళ సర్వీసులో ఒకరి కవరు ఎప్పుడన్నా విప్పానా? ఆవిరి పట్టి లోపలేముందో చూసే ప్రబుద్ధుల్ని నేను ఎరుగుదును. నేను అలాంటివాణ్ణి కాదని జిల్లా అంతా తెలుసు.

అదీగాక మాలో ఒక ఆనవాయితీ ఉంది. వీలునామా ఆదరణ కూడిక అయ్యాకే విప్పుతారు. మట్టిచ్చిన మూడోనాడు ఇంటి దగ్గర చేరి, పాస్టరుగారు వాక్యం చెప్పి, ప్రార్థన అయ్యి, అందరూ టీ తాగాక. అంతకుముందు ఆ ఊసెత్తినవాణ్ణి మనిషి ఎప్పుడు పోతుందా అని కాచుక్కూర్చున్నవాడి కింద జమకడతారు. అలాంటి మాట పడటం నాకు ప్రాణసంకటం.

కొన్ని నెలలకి వాళ్ళ అరుగు మీద కాఫీ తాగుతున్నాను. నర్సత్త నా మణికట్టు పట్టుకుంది. అంకె చెప్పలేదు.

"సదివినావేటి?" అంది.

"ఏటి, వీలునామానా? ఎంతమాట అత్తా! సీలున్న కవరు నేను విప్పడమా!"

"కవరు మీద పేరెవరిదిరా?"

"నాదే."

"ఊఁ" అంది. వాచీలోకి చూస్తూ చాలాసేపు పట్టుకుంది. నా నిజాయితీకి పరీక్ష పెట్టిందనీ, నేను నెగ్గాననీ అనుకుంటూ ఇంటికెళ్ళాను.

తర్వాత రోడ్డు వెడల్పు చేశారు. ఆవిడ ఇల్లు ఒక్కసారిగా రోడ్డు మొగానికి వచ్చి కూర్చుంది. అప్పుడు ఆవిడకి చుట్టాలున్న సంగతి చుట్టాలకి గుర్తొచ్చింది. ఒకడు సొంత తమ్ముడి కొడుకు, ఆమదాలవలసలో ధాన్యం వ్యాపారం, నాకు తమ్ముడి వరస. ఒకతె చెల్లెలి కూతురు, విజయనగరంలో టీచరు, నాకు మరదలి వరస. ఇద్దరూ చెడ్డవాళ్ళు కాదు. ఆ మాట చెప్పకపోతే అబద్ధం అవుతుంది.

"అత్తా, వీలునామా రాసీసినావంట. మాకు సెప్పకండా పోస్టాఫీసులో ఎట్టీసినావంట" అన్నాడు వాడు, అరుగెక్కుతూనే.

"ఈ ఇల్లు కట్టినప్పుడు మా అమ్మ మెళ్ళో గొలుసు తీసి ఇచ్చింది పెద్దమ్మా. అదన్నా గుర్తుందా?" అంది ఆ పిల్ల.

నర్సత్త ఇద్దరి చేతులూ చెరో పక్కా పట్టుకుంది. ఒకరి తర్వాత ఒకరిది చూసింది.

"నీది తొంబయ్యారు. నీది నూట రెండు. నా ఇల్లు నా కంటే ముందు మిమ్మల్ని సంపీసేలా ఉన్నాది. నీళ్ళు తాగి మాటాడండి."

వాళ్ళు నీళ్ళు తాగలేదు. అక్కడే అరుగు మీద కూర్చున్న నా మీదికి తిరిగారు. "ఎగ్జిక్యూటరంటే ఏటన్నయ్యా? ఇల్లు నీ సేతిలోకి వచ్చీసినట్టేనా? ఆయా కూతురికి గానీ రాసీసిందేటి?" అని తమ్ముడు. "బావా, నువ్వు చదివే ఉంటావు. మా దగ్గర దాచకు" అని మరదలు. నేను చదవలేదంటే ఇద్దరూ నమ్మలేదు. వాళ్ళిద్దరూ ఏకీభవించిన సంగతి అదొక్కటే.

శ్రీకాకుళం వెళ్ళి లాయర్ని అడిగాను. "ఆవిడ బతికున్నంతకాలం వీలునామా ఉత్త కాగితమండీ. రేపు మార్చుకోవచ్చు, చింపి పొయ్యిలో పెట్టుకోవచ్చు. మీకు ఇవాళ పూచికపుల్లంత హక్కు లేదు. ఆవిడ కన్నుమూసిన నిమిషం నుంచి మీ పని మొదలు" అన్నాడు. లేచి వస్తుంటే, "అయినా కవరు మీ పేరునే ఉంది కదా, చదువుకోడానికేం?" అని కూడా అన్నాడు. "మాలో ఆనవాయితీ కాదండీ" అన్నాను. ఆయన చెప్పిన మొదటి మాట జేబులో వేసుకుని, రెండోది అక్కడే వదిలేసి వచ్చాను. ఆ మొదటి మాట అడ్డం పెట్టుకునే తర్వాత ఏళ్ళన్నీ గడిపాను.

హుద్‌హుద్ తుఫానుకి నర్సత్త ఇంటి పెంకులు సగం లేచిపోయాయి. ఆమదాలవలస తమ్ముడు కారు తెచ్చి, "కప్పు బాగుచేయించీదాకా మా ఇంటికి రా అత్తా" అని తీసుకుపోయాడు. కప్పు బాగుపడలేదు. ఇంటికి తాళం పడింది, తాళంచెవి వాడి జేబులో పడింది. చూడ్డానికి వెళ్ళాను. వెనక గదిలో మంచం, మంచం మీద గంజి లేని చీర. వాచీ మాత్రం ఉంది. వాడు గుమ్మంలో నిలబడ్డాడు, లోపలికీ రాడు, బయటికీ పోడు.

"ఒరే, నన్ను మా ఇంటికి తీసుకుపో. కప్పు లేకపోతే గొడుగేసుకుంటాను."

"నాకేం హక్కుందత్తా? మీరుండగా నాకు చట్టప్రకారం..."

"సట్టమేటిరా, నానడుగుతన్నాను."

నేను తమ్ముడి వైపు చూశాను. వాడు నా వైపు చూశాడు. నర్సత్త నా మణికట్టు పట్టుకుని గొంతు తగ్గించి, "సదివినావేటి?" అంది.

వాడికి వినపడాలని గట్టిగా చెప్పాను. "లేదత్తా! మీరు బతికుండగా ఆ కవరు ఎవరూ విప్పరు. నేనసలు విప్పను."

ఆవిడ ఏదో అనబోయింది. గుమ్మం వైపు చూసి మానుకుంది. బయటికొచ్చాక వాడు నాకు టీ ఇప్పించి, "నువ్వు ధర్మరాజువన్నయ్యా" అన్నాడు. నాకు ఆ మాట తియ్యగా ఉంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, తియ్యగానే ఉంది.

కొత్త వీలునామా కోసం వాడు స్టాంపు పేపరు తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. నాలుగు రోజులు బతిమాలగా పెన్ను తీసుకుందట. ఆ పేపరు నాకూ చూపించాడు, ఒళ్ళు మండిపోతూ. సంతకం ఉండవలసిన చోట గుండ్రటి అక్షరాలతో, "ఉదయం, రాత్రి, భోజనం తర్వాత" అని ఉంది. అంతే. అప్పుడు నవ్వాను. ఆవిణ్ణి తలుచుకుని నవ్వడం అదే ఆఖరు.

మరదలు ఊరుకుంటుందా? మా పెద్దమ్మని నిర్బంధించి సంతకాలు చేయించుకుంటున్నాడని పోలీసుల దగ్గరికెళ్ళింది. వాళ్ళు రాజీ కుదిర్చారు, మూడు నెలలు అక్కడ, మూడు నెలలు ఇక్కడ. ఆ రాజీకి నన్నూ పిలిచారు. ఆవిడ ఎక్కడుండాలని అనుకుంటోందో ఆవిణ్ణే అడగండి అని ఒక్కడూ అనలేదు. నేనూ అనలేదు. "నేను ఎగ్జిక్యూటర్ని మాత్రమేనండీ, నా హక్కు ఇంకా పుట్టలేదు" అని చెప్పి, నీళ్ళు తాగి వచ్చేశాను.

రెండోసారి విజయనగరం వెళ్ళినప్పుడు ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పోయింది, మాట పోయింది. రాయడానికీ లేదు, చెప్పడానికీ లేదు. నేను వెళ్తే మరదలు మంచం పక్కన కుర్చీ వేసి, "గుర్తుపడుతుంది బావా, మాట్లాడు" అంది. వాచీ ఎవరో తీసి కిటికీలో పెట్టారు. నర్సత్త ఎడంచేత్తో నా మణికట్టు పట్టుకుంది. వాచీ లేకుండానే చాలాసేపు పట్టుకుంది. తర్వాత చెయ్యి వదిలి, అరచెయ్యి పుస్తకంలా తెరిచి నా మొహం ముందు పెట్టింది. మళ్ళీ మణికట్టు పట్టుకుని, నా కళ్ళల్లోకి చూసింది.

అర్థమైంది నాకు. అర్థమైందనే అనుకున్నాను.

"లేదత్తా. మీమీదొట్టు. సీలు చెక్కుచెదరలేదు. మీరు నిశ్చింతగా ఉండండి."

ఆవిడ నా చెయ్యి వదిలేసింది. మొహం గోడవైపు తిప్పుకుంది. నేను ఎంత పిలిచినా ఇటు తిరగలేదు. మరదలు భయపడితే, "మనసు కుదుటపడిందమ్మా, నిద్రపోతోంది" అని నేనే ధైర్యం చెప్పాను.

పోయింది మాత్రం ఆమదాలవలసలో, తమ్ముడి వంతు మూడునెలల్లో. పొద్దున్నే ఫోనొచ్చింది. అప్పటికి మేం కాపురం విశాఖపట్నం మార్చేశాం. బీరువాలోంచి కవరు తీసి సంచిలో పెట్టుకున్నాను. ఇక నా హక్కు పుట్టింది కదా! రైల్లో కూర్చుని ఒళ్ళో ఆ సంచి పెట్టుకుని, మూడోనాడు ఎలా చదవాలి, ఎవరి ముందు చదవాలి, సీలు ఉందని ముందు అందరికీ చూపించాలి అని ఆలోచించుకుంటూ వెళ్ళాను. మూడుగంటల ప్రయాణం. కిటికీ పక్క సీటు, కావలసినంత వెలుతురు. విప్పి చదవడానికి ఏమీ అడ్డం లేదు.

మధ్యాహ్నం భూస్థాపన. "నాన్న పక్కనే జాగా ఉన్నాది, అక్కడే పెడతన్నాం" అన్నాడు తమ్ముడు. అక్కా తమ్ముడూ ఒక్కచోట, బాగుంది అన్నారందరూ. నేనూ బాగుందన్నాను. సంచి భుజానికి తగిలించుకునే, వంగి గుప్పెడు మట్టి తీసి పెట్టె మీద వేశాను.

మూడోనాడు ఆదరణ కూడిక. వాక్యం అయ్యింది, ప్రార్థన అయ్యింది, టీలు అయ్యాయి. లేచి నిలబడి సీలు అందరికీ చూపించాను. తమ్ముడికీ మరదలికీ ప్రత్యేకంగా దగ్గరికెళ్ళి చూపించాను. విప్పాను. గొంతు సవరించుకుని మొదటి పేరా చదివాను.

"నేను పోయిన రోజునే నన్ను మా ఊరి సమాధుల తోటలో ఆయమ్మ పక్కన ఇటుకలు కట్టించిన జాగాలో పెట్టాలి. మీరందరూ ఏమనుకుంటారోనని నోటితో చెప్పలేక రాస్తున్నాను. పోస్టుమాస్టరు తన పేరున్న కవరు గనక ముందే చదువుకుని ఉంటాడు. అతను అన్నీ సిద్ధం చేసి ఉంచుతాడు. అతన్ని ఎవరూ అడ్డుకోవద్దు."

రెండో పేరాలో ఇల్లు. మేనల్లుడికీ చెల్లెలి కూతురికీ చెరిసగం. అంతకుమించి ఏమీ లేదు. ఆయమ్మ కూతురి పేరే లేదు. ఆ చెరిసగం కోసమే వీళ్ళు ఆవిణ్ణి ఇన్నేళ్ళు ఇటూ అటూ లాగారు.

మరదలు మెల్లిగా అంది. "పెద్దమ్మ మా ఇంట్లో అరచెయ్యి తెరిచి మరీ అడిగింది కదా బావా నిన్ను. చదివావా, చదివావా అని. ఒక్కసారి చదివుండకూడదా?"

నేను కవరు తిప్పి చూశాను. నా పేరు, ఇంటిపేరుతో సహా. కవరు మీద ఎవరి పేరుంటే వాళ్ళదే కవరు, వాళ్ళే విప్పాలి. చేరిన రోజున మాకు నేర్పే మొదటి పాఠం అదే. ఊళ్ళో చదువురాని ముసలమ్మకి కూడా నేనే చెప్పేవాణ్ణి, "నీ పేరున ఉందమ్మా, నీదే, విప్పుకో" అని. ఆవిడ ఆ రూలు తెలుసుకుని, వరసలో నిలబడి, నాచేత సంతకం పెట్టించుకుని మరీ ఇచ్చింది. ముప్ఫైనాలుగేళ్ళు ఊరందరి ఉత్తరాలూ చేరవేసిన వెధవని, నాకొచ్చిన ఒక్క ఉత్తరం ఆరేళ్ళు బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఆవిణ్ణి తీసి మళ్ళీ మా ఊళ్ళో పెడదాం అన్నాను. "మట్టిలో పెట్టిన మనిషిని కదుపుతావేటన్నయ్యా? మనిషివేనా?" అని తమ్ముడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నిజం నీళ్ళే. లాయరు దగ్గరికి పరిగెత్తాను. "అది ఆస్తి కాదండీ, కోరిక. ఎగ్జిక్యూటరు హక్కు ఆస్తి మీద. కోరిక కోసం సమాధి తవ్వించాలంటే సొంతవాళ్ళు ఒప్పుకోవాలి" అన్నాడు. బతికున్నప్పుడు బతికుంది గనక నాకు హక్కు లేదు. పోయాక అడిగింది కోరిక గనక హక్కు లేదు. మధ్యలో ఒక్క పూట ఉంది, ఆమదాలవలస రైలు ప్రయాణం. అది నేను ఉపన్యాసం ఆలోచించుకోడానికి వాడుకున్నాను.

ఇల్లు వాళ్ళిద్దరూ రాజీపడి అమ్మేసుకున్నారు. నా సంతకం కావాలని కూడా ఎవరూ అడగలేదు.

ఇప్పుడీ ఉత్తరం. రెండు రోజులు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. అభ్యంతరం ఉందని రాద్దామనుకున్నాను. రాస్తే ఏమవుతుంది? ఆవిడ వచ్చి పడుకుంటుందా? రేపు ఎవరో కూలిమనిషి పోతే, వాళ్ళ పిల్లలు గొయ్యికి జాగా లేక శవాన్ని పెట్టుకుని తిరగాలి. ఆయమ్మ కూడా ఇన్నేళ్ళు ఒంటరిగా పడుకుంది. ఎవరో ఒకరు పక్కకొస్తారు.

"నాకు ఏ అభ్యంతరమూ లేదు" అని రాసి, కింద సంతకం పెట్టి, బ్రాకెట్లో ఎగ్జిక్యూటరు అని రాశాను. ఆ హోదాలో నేను పెట్టిన సంతకం ఇదొక్కటే. కవరంటించి, నేనే నడిచివెళ్ళి డబ్బాలో వేసి వచ్చాను. నర్సత్త అన్నది నిజమే, రాసిందే జరుగుతుంది. ఆవిడకంటూ ఈ భూమ్మీద మిగిలిన ఆ ఆరడుగులూ నా సంతకంతో పోయాయి.